బాపు వేలికి ఏ ఫోన్? పక్క బటనా, స్క్రీన్ కిందా, ముఖమా

మొన్న మార్చిలో మా బాపు (నాన్న) వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాలు తెచ్చాడు. కాంటా అయ్యాక అడ్తి దుకాణం ముందు కూర్చొని నాకు ఫోన్ చేయబోయాడు. ఫోన్ తెరుచుకోలేదు. బొటనవేలు పెడితే స్క్రీన్ మీద చిన్న పచ్చటి వెలుగు వచ్చి, ఫోన్ ఒకసారి వణికి ఊరుకుంది. ఐదుసార్లు ఇదే తంతు. ఆ తర్వాత పిన్ అడిగింది. పిన్ ఆయనకు గుర్తులేదు. చివరికి పక్కనున్న హమాలీ ఫోన్ అడుక్కొని నాకు చేశాడు. "బిడ్డా, నా ఫోనే నన్ను గుర్తువడుతలేదు. నువ్వు జర యార్డుకు రా."

వెళ్లి చూస్తే తప్పు ఫోన్‌దీ కాదు, ఆయనదీ కాదు. మాది నర్సంపేట వైపు. వేసేది చపాటా మిర్చి. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సొంత సరుకు అనే ముద్ర) కూడా వచ్చిన రకం. ఆ రంగు వేలి కొసలో ఇంకిపోయి ఉంది. పైగా నలభై ఏళ్లు పత్తి ఏరిన వేలు. ఎండిన కాయ మొనలు గుచ్చుకొని, పార కర్ర రాపిడికి గట్టిపడి, బొటనవేలి గీతలు పాత రూపాయి బిళ్ల మీద బొమ్మలా అరిగిపోయాయి. ఆ ఫోన్ కొనిచ్చింది నేనే, 22 వేలు పెట్టి. "స్క్రీన్‌లోనే ఫింగర్‌ప్రింట్ అన్నా, లేటెస్ట్" అని షాపు పిల్లవాడు అంటే సంబరపడ్డాను. అంతకుముందు బాపు వాడిన 9 వేల ఫోన్‌కు వెనకాల గుండ్రటి సెన్సర్ ఉండేది. ఆరేళ్లు ఏ పేచీ పెట్టకుండా తెరుచుకుంది.

ఆ రోజు నుంచి రెండు నెలలు ఇదే పని పెట్టుకున్నాను. హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల షాపులకు బాపును వెంటేసుకొని తిరిగాను. చుట్టాల ఇళ్లల్లో కనబడిన ప్రతి ఫోన్‌లో ఆయన వేలు నమోదు చేయించి చూశాను. షాపుల్లో కొందరు విసుక్కున్నారు, ఒకరిద్దరికి ఆసక్తి పుట్టి వాళ్లే రెండు మూడు ఫోన్లు తెరిచి ముందుపెట్టారు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, బ్యాటరీ ఎంత అని అడిగే మనం, రోజుకు వంద సార్లు వేలు పెట్టే చోటు ఏ రకందో అడగం. అదీ ఎవరి వేలు కోసం అని అసలే అడగం.

ఏ సెన్సర్ ఎలా చూస్తుంది

తక్కువ ధర ఫోన్లలో ఎక్కువగా ఉండేది పక్క పవర్ బటన్‌లోని సెన్సర్. దీన్ని కెపాసిటివ్ అంటారు. బటన్ పైపొర కింద కంటికి కనబడనంత చిన్న పలకలు వేలల్లో ఉంటాయి, వాటిలో కొద్దిగా విద్యుదావేశం ఉంటుంది. వేలి గీతల్లో ఎత్తుగా ఉన్న గట్టు తగిలిన చోట ఒక రకంగా, గట్ల మధ్య సందులో గాలి ఉన్న చోట ఇంకో రకంగా ఆ ఆవేశం మారుతుంది. ఆ తేడాలతో సెన్సర్ వేలి పటం గీసుకుంటుంది. మధ్యలో మందపాటి గాజు లేదు, వేలు దాదాపు సెన్సర్‌నే తాకుతుంది. అందుకే గీతలు సన్నగా ఉన్నా పట్టగలుగుతుంది. దీనికి శత్రువు నీళ్లు. తడి వేలు పెడితే సందుల్లో కూడా నీళ్లే ఉంటాయి కాబట్టి గట్టూ సందూ ఒకటే అయిపోతాయి. అంట్లు తోముతూ మధ్యలో ఫోన్ ఎత్తబోయిన మా అమ్మకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు.

రెండోది స్క్రీన్ కింద ఉండే ఆప్టికల్. మధ్య తరగతి ధర ఫోన్లలో "ఇన్-డిస్‌ప్లే" అని రాసి ఉంటే నూటికి తొంభై పాళ్లు ఇదే. పేరు ఎంత గొప్పగా ఉన్నా చేసే పని ఫొటో తీయడమే. వేలు పెట్టిన చోట స్క్రీన్ ఒక్క క్షణం గట్టిగా వెలుగుతుంది, ఆ వెలుగు వేలికి తగిలి వెనక్కి వస్తుంది, కింద ఉన్న చిన్న కెమెరా లాంటి సెన్సర్ దాన్ని పట్టుకుంటుంది. వెలుగు స్క్రీన్‌ను దాటి కిందికి రావాలి కాబట్టి తమంతట తామే వెలిగే ఓలెడ్, అమోలెడ్ తెరలున్న ఫోన్లలోనే ఇది కనిపిస్తుంది. వెనక దీపం పొర ఉండే ఎల్‌సీడీతో ఈ పని కుదరదు. ఎల్‌సీడీ ఫోన్ చూపించి ఎవరైనా స్క్రీన్‌లోనే వేలిముద్ర అంటే బేరం అక్కడే ఆపేయండి.

ఫొటో అన్నాక ఫొటో కష్టాలన్నీ ఉంటాయి. గీతల లోతు లేకపోతే చిత్రం మసకగా వస్తుంది. వేలు ఎండిపోయి ఉంటే గాజుకు సరిగ్గా అంటుకోదు, మధ్యలో గాలి మిగిలి చిత్రం తెగిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఆరుబయట వేలి పక్కల నుంచి ఎండ దూరి సెన్సర్‌ను కంగారు పెడుతుంది. చెల్లె పెళ్లికి చేతుల నిండా గోరింటాకు పెట్టుకుంటే, రెండు రోజులు ఆమె ఫోన్ ఆమెకే పరాయిదైంది. ఇంకో ఇబ్బంది ఉంది, ఎవరూ చెప్పరు. చీకటి గదిలో పడుకొని టైమ్ చూద్దామని వేలు పెడితే ఆ వెలుగు కళ్లలో కొడుతుంది, పక్కన పడుకున్నవాళ్లు కూడా లేస్తారు.

మూడోది అల్ట్రాసోనిక్. ఇదీ స్క్రీన్ కిందే ఉంటుంది, చూడ్డానికి ఆప్టికల్‌కూ దీనికీ తేడా తెలియదు. కానీ ఇది వెలుగుతో కాదు, ధ్వనితో చూస్తుంది. మన చెవికి వినబడని ధ్వని తరంగాలను గాజు గుండా పంపుతుంది. గట్టు దగ్గర ఒకలా, సందు దగ్గర ఇంకోలా అవి తిరిగొస్తాయి. అందులోంచి లోతు కూడా తెలుస్తుంది. వెలుగుతో పని లేదు కాబట్టి ఎండైనా చీకటైనా ఒకటే. కాస్త తడి ఉన్నా, మురికి ఉన్నా చాలావరకు పనిచేస్తుంది. బాపు మిర్చి వేలిని కడగకుండా పెట్టి చూశాను. మా అన్న వాడే ఖరీదైన ఫోన్‌లో పదిసార్లలో ఎనిమిదిసార్లు తెరుచుకుంది. అదే వేలు, అదే స్థితిలో, 22 వేల ఆప్టికల్ ఫోన్‌లో రెండుసార్లు. పక్క బటన్ ఉన్న 12 వేల ఫోన్‌లో ఏడుసార్లు. ఒక్క మనిషి వేలితో చేసిన లెక్క ఇది, శాస్త్రం కాదు. కానీ నాకు కావలసింది ఆ ఒక్క వేలి లెక్కే.

కంపెనీల పోటీలో సెన్సర్ తిరిగిన చోట్లు

సెన్సర్ ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి పక్కకు, పక్క నుంచి తెర కిందికి ఎందుకు తిరిగిందో తెలిస్తే షాపులో చెప్పే "లేటెస్ట్" అనే మాట విలువ తెలుస్తుంది.

2011లో మోటొరోలా ఏట్రిక్స్ అనే ఫోన్ వెనక పైభాగాన సెన్సర్ పెట్టింది. దాని మీద వేలు ఆనిస్తే చాలదు, గీసినట్టు లాగాలి. ఆ సెన్సర్ తయారు చేసిన అమెరికా కంపెనీ ఆథెన్‌టెక్‌ను 2012లో యాపిల్ సుమారు 35.6 కోట్ల డాలర్లకు కొనేసింది. మరుసటి ఏడు సెప్టెంబర్‌లో ఐఫోన్ 5ఎస్ హోమ్ బటన్‌లో టచ్ ఐడీ అనే వేలిముద్ర తాళం వచ్చింది. లాగడం లేదు, ఆనిస్తే చాలు. అది వచ్చిన కొద్ది రోజులకే జర్మనీలోని హ్యాకర్ల సంఘం కేయాస్ కంప్యూటర్ క్లబ్ వాళ్లు గాజు మీద పడ్డ వేలిముద్రను ఫొటో తీసి, దాంతో తొడుగు వేలు చేసి ఫోన్ తెరిచి చూపించారు. అయినా అమ్మకాలు ఆగలేదు. శాంసంగ్ 2014లో గెలాక్సీ ఎస్5తో బదులిచ్చింది గానీ అందులో వేలు లాగే రకమే పెట్టింది. జనం తిట్టుకున్నారు. 2015 ఎస్6కు వచ్చేసరికి ఆనించే రకానికి మారింది. హువావే 2014లోనే మేట్ 7 వెనక ఆనించే సెన్సర్ పెట్టింది. సోనీ 2015లో ఎక్స్‌పీరియా జెడ్5 పక్క పవర్ బటన్‌లోకి చేర్చింది. ఈ రోజు పది వేల ఫోన్‌లో మనం చూసే పద్ధతి అదే.

మన బజారుకు ఈ పోటీ మేలే చేసింది. 2015 అక్టోబర్‌లో కూల్‌ప్యాడ్ నోట్ 3 వేలిముద్ర సెన్సర్‌తో 8,999 రూపాయలకు వచ్చింది. 2016లో షావోమి రెడ్‌మీ నోట్ 3ని 9,999కి దింపింది. అప్పటిదాకా ధనవంతుల ముచ్చట అనుకున్నది రెండేళ్లలో ఆటో డ్రైవర్ జేబులోకి చేరింది. నా దృష్టిలో సెన్సర్ల విషయంలో మనలాంటి వాళ్లకు మంచి కాలం అదే. వెనక గుండ్రటి గుంట, చూపుడు వేలు తనంతట తాను వెళ్లి అక్కడ ఆగేది. చూడక్కర్లేదు, వెతకక్కర్లేదు.

2017లో యాపిల్ ఐఫోన్ ఎక్స్‌లో హోమ్ బటనే తీసేసి, తెరను అంచుల దాకా పరిచి, ముఖం చూసి తెరుచుకునే ఫేస్ ఐడీ పెట్టింది. ఇక ప్రతి కంపెనీకీ ముందున్న బటన్ పాతబడ్డట్టు అనిపించింది. 2018 జనవరిలో వివో కంపెనీ, సినాప్టిక్స్ అనే సెన్సర్ల కంపెనీ తయారు చేసిన సెన్సర్‌ను తెర కింద పెట్టి ఎక్స్20 ప్లస్ యూడీ తెచ్చింది. ఆ ఏడాది చివరికి వన్‌ప్లస్ 6టీ వచ్చింది. 2019లో శాంసంగ్ గెలాక్సీ ఎస్10లో చిప్‌లు చేసే క్వాల్‌కామ్ వారి అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టి, మాది వెలుగు కాదు ధ్వని అని చాటింది. ఆ అక్టోబర్‌లోనే చిక్కొచ్చిపడింది. కొన్ని సిలికాన్ కవర్లు తెర మీద ఉంటే ఎవరి వేలు పెట్టినా ఫోన్ తెరుచుకుంటోందని బయటపడింది. కవర్ మీది గీతలనే సెన్సర్ వేలి గీతలుగా తీసుకుంది. శాంసంగ్ ఒప్పుకొని సాఫ్ట్‌వేర్ సరిచేసింది.

గమనించండి, ఈ మార్పుల్లో తొలి రోజులవి తప్ప ఏవీ వేలి సుఖం కోసం జరిగినవి కావు. తెర పెద్దది కావాలి, అంచులు సన్నబడాలి, పక్క కంపెనీ ఫోన్ పక్కన పెడితే మనది కొత్తగా కనబడాలి. సెన్సర్‌కు ఎక్కడ చోటు మిగిలితే అక్కడికి జరిపారు. అల్ట్రాసోనిక్ ఒక్కటే నిజంగా వేలి బాధ తీర్చింది, అదీ మొదట్లో తడబడి. 2021లో క్వాల్‌కామ్ రెండో తరం సెన్సర్‌ను 8 మిల్లీమీటర్ల చదరంగా పెద్దది చేశాక, అది గెలాక్సీ ఎస్21లో చేరాక పరిస్థితి మెరుగైంది. చైనా కంపెనీ గుడిక్స్ కూడా అల్ట్రాసోనిక్‌లోకి దిగింది. 2024లో పిక్సెల్ 9, వన్‌ప్లస్ 13, ఐకూ 13 లాంటివి ఈ రకంతోనే వచ్చాయి.

ఒకే ఇంటి పేరు, వేరే సెన్సర్

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. "నేను శాంసంగే వాడతా, వాళ్ల సెన్సర్ బాగుంటుంది" అంటారు. ఏ శాంసంగ్? గెలాక్సీ ఎస్24, ఎస్25లో అల్ట్రాసోనిక్ ఉంది. వాటి తమ్ముడని అమ్మే ఎస్24 ఎఫ్ఈలో ఆప్టికల్. గెలాక్సీ 'ఏ' (A) సిరీస్‌లో 50ల నంబర్లవి ఆప్టికల్, ఎం, ఎఫ్ సిరీస్ తక్కువ ధరవి చాలావరకు పక్క బటన్. గూగుల్‌లోనూ అంతే. పిక్సెల్ 9కి అల్ట్రాసోనిక్, అదే కుటుంబంలో చవకైన 9ఏకి ఆప్టికల్. వన్‌ప్లస్ 12 వరకు ఆప్టికల్, 13తో అల్ట్రాసోనిక్. 13ఆర్ మళ్లీ ఆప్టికల్. కంపెనీ పేరు చూసి సెన్సర్‌ను నమ్మడం, ఇంటి పేరు చూసి పిల్లనిచ్చినట్టే. ఫోన్ మోడల్ నంబర్ పూర్తిగా రాసుకొని, ఆ నంబర్‌కు ఏ సెన్సరో చూడాలి. బాక్సు మీద "ఇన్-డిస్‌ప్లే" అని మాత్రమే ఉండి అల్ట్రాసోనిక్ అనే మాట లేకపోతే అది ఆప్టికలే అనుకోండి. ఖరీదైన సెన్సర్ పెట్టి పేరు చెప్పుకోని కంపెనీ ఉండదు.

ధరల లెక్క సుమారుగా చెప్పాలంటే, 15 వేల లోపు ఎక్కువగా పక్క బటన్. 20 నుంచి 45 వేల మధ్య ఎక్కువగా ఆప్టికల్. 50 వేలు దాటాక అల్ట్రాసోనిక్ కనబడటం మొదలవుతుంది. ఈ వరసలో విచిత్రం ఏంటంటే, కష్టపడ్డ చేతులకు మధ్యలోని ఫోన్లే ఎక్కువ ఇబ్బంది. 12 వేలు పెట్టినాయన హాయిగా ఉంటాడు, 60 వేలు పెట్టినాయన హాయిగా ఉంటాడు. మధ్యలో అప్పు చేసి 25 వేలు పెట్టినాయన యార్డులో హమాలీ ఫోన్ అడుక్కుంటాడు.

ముఖం సంగతి

ఐఫోన్లలో ఇప్పుడు వేలిముద్ర లేదు. హోమ్ బటన్ ఉన్న చివరి మోడల్ 2022 ఎస్ఈ, దాని అమ్మకం కూడా 2025లో ఆగింది. ఫేస్ ఐడీ 30 వేలకు పైగా కనబడని చుక్కలను ముఖం మీద వేసి లోతు కొలుస్తుంది. చీకట్లో పనిచేస్తుంది, ఫొటో చూపిస్తే మోసపోదు. పొరపాటున ఇంకొకరికి తెరుచుకునే అవకాశం టచ్ ఐడీకి 50 వేలలో ఒకటి, ఫేస్ ఐడీకి 10 లక్షలలో ఒకటి అని యాపిల్ చెప్తుంది. కవలలకు ఈ లెక్క వర్తించదని వాళ్లే అంటారు. వేళ్లు పూర్తిగా అరిగిపోయినవాళ్లకు, డబ్బుకు ఇబ్బంది లేకపోతే ఇదే తేలిక. అయితే మన దగ్గర ఎండాకాలం తలకూ మూతికీ రుమాలు చుట్టుకొని బండి నడిపేవాళ్లు పాత ఐఫోన్లలో అడుగడుగునా రుమాలు దించాలి. ఐఫోన్ 12 నుంచి మాస్కు ఉన్నా తెరుచుకునే సెట్టింగ్ ఉంది.

చవక ఆండ్రాయిడ్ ఫోన్లలోని ఫేస్ అన్‌లాక్ వేరే జాతి. అది ముందు కెమెరాతో మామూలు ఫొటో తీసి పోల్చుకుంటుంది, అంతే. కొన్నింటిని ఫొటో చూపించి కూడా మోసం చేయవచ్చు. ఆండ్రాయిడ్ కూడా దీన్ని బలహీనమైన తాళంగానే లెక్కేస్తుంది, అందుకే బ్యాంకు యాప్‌లు దాన్ని ఒప్పుకోవు. పిక్సెల్ 8 నుంచి గూగుల్ ఫోన్లు దీనికి మినహాయింపు. పాటలు వినడానికి, వాట్సాప్ చూడటానికి ఈ ముఖం తాళం పరవాలేదు. డబ్బు ఉన్న ఫోన్‌కు కాదు. 2025 అక్టోబర్‌లో యూపీఐ చెల్లింపుకు పిన్ బదులు ఫోన్‌లోని వేలిముద్ర, ముఖం వాడుకునే వీలును యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ప్రకటించింది కాబట్టి ఈ తేడా ఇక ముందు ఇంకా ముఖ్యం.

ఎవరికి ఏది

పొలం, కళ్లం, కట్టుబడి పని, కొత్తవాడలో దర్రీల మగ్గం ముందు కూర్చునేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, వీళ్లకు నా సలహా పక్క బటన్. వయసు పైబడి చూపు మందగించినవాళ్లకూ అదే. బటన్ చేతికి తగులుతుంది, తెర మీద ఏ మూలన వేలు పెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. ఎడమచేతి వాటం వాళ్లు మాత్రం షాపులోనే పట్టుకొని చూడాలి, బటన్ ఎక్కువ ఫోన్లకు కుడివైపే ఉంటుంది. అప్పుడు ఎడమ చూపుడు వేలు నమోదు చేసుకుంటే సరిపోతుంది. పక్క బటన్‌కు ఉన్న ఒక జబ్బు, జేబులోనో సంచిలోనో చేయి తగిలి తగిలి తప్పు ప్రయత్నాలు లెక్కపడి, తీసి చూసేసరికి పిన్ అడుగుతుంది. షావోమి లాంటి కొన్ని ఫోన్లలో తాకితే కాకుండా నొక్కితేనే తెరుచుకునే సెట్టింగ్ ఉంటుంది. అది పెట్టుకుంటే ఆ గొడవ తీరుతుంది.

కాకతీయ యూనివర్సిటీ హాస్టల్ పిల్లలకు, బ్యాంకులో, ఆఫీసులో కూర్చునేవాళ్లకు ఆప్టికల్ చాలు. మెత్తటి వేళ్లకు అది చకచకా పనిచేస్తుంది, అల్ట్రాసోనిక్ కోసం అదనంగా 30 వేలు పెట్టడం దండగ. వానలో తిరిగే ఉద్యోగాలు, చేపల బజారు, హోటల్ వంట, ఆసుపత్రిలో గంటకోసారి చేతులు కడిగే నర్సులు, వీళ్లకు తడి చేతి బాధ ఎక్కువ. స్తోమత ఉంటే అల్ట్రాసోనిక్, లేకపోతే పక్క బటనూ ఒక తువాలూ.

"ఆధార్‌లో నా వేలు పడుతలేదు, రేషన్ షాపులో కంటితోని ఇస్తున్నరు, ఫోన్‌లో ఎట్ల పడుతది?" అని చాలామంది అడుగుతారు. పడవచ్చు. అక్కడ ఎప్పుడో ఏళ్ల కింద తీసిన ముద్రతో పోలుస్తారు. ఫోన్ ఈ రోజు వేలిని ఈ రోజే నేర్చుకుంటుంది, చాలా ఫోన్లు వాడేకొద్దీ కొత్త గీతలను కూడా కలుపుకుంటాయి. ఇంకో మాట, ఆ ముద్ర కంపెనీకి పోదు. వేలి ఫొటో కాకుండా దాని గుర్తులు మాత్రమే ఫోన్‌లోని భద్రమైన భాగంలో దాచుకుంటుంది.

గ్లాసూ, రిపేరూ, పిన్నూ

స్క్రీన్ కింద సెన్సర్ ఉన్న ఫోన్ కొన్నరోజే షాపువాళ్లు 100 రూపాయల టెంపర్డ్ గ్లాస్ వేసి పంపుతారు. చాలా ఫోన్లు పాడయ్యేది అక్కడే. అల్ట్రాసోనిక్ తరంగాలకు గాలి పొర అంటే గోడ. గ్లాసుకూ తెరకూ మధ్య గాలి ఉంటే వేలు పడదు. కంపెనీ ఆ మోడల్‌కు సరిపోతుందని చెప్పిన పొర వాడండి, లేదా పల్చటి ఫిల్మ్ వేయించండి. ఏది వేసినా వేసిన తర్వాత పాత ముద్రలు తీసేసి మళ్లీ నమోదు చేయాలి. పక్క బటన్‌కు ఈ బాధే లేదు, కవర్‌లో బటన్ దగ్గర కోత ఉంటే చాలు.

నా సొంత ఫోన్‌తో నేర్చుకున్నది రిపేరు పాఠం. ఆప్టికల్ ఫోనే, కింద పడి తెర పగిలింది. కంపెనీ తెర ధర విని గుండె ఆగినంత పనైంది. ఊళ్లో ఒక రిపేరు షాపులో మూడో వంతు ధరకు కాపీ తెర వేయించాను. రంగులు పరవాలేదు. వేలు పెడితే మాత్రం చప్పుడు లేదు. సెట్టింగ్స్‌లో ఫింగర్‌ప్రింట్ అనే మాటే మాయమైంది. కాపీ తెర ఓలెడ్ కాదు, మామూలు రకం. కింద సెన్సర్ బతికే ఉన్నా దానికి వెలుగు అందదు. ముందే చెప్పి ఉంటే పైసలు పోగేసుకొని అసలుదే వేయించేవాణ్ని. పక్క బటన్ ఫోన్‌లో తెర పగిలితే తెర మార్చుకుంటాం, సెన్సర్ జోలికి ఎవరూ పోరు. పాత ఫోన్ కొనేవాళ్లు అందుకే మొదట చేయాల్సిన పని, అమ్మేవాడి ముందే మన వేలు నమోదు చేసి చూడటం.

నమోదు చేసే తీరులోనే సగం ఉంది. చాలా ఫోన్లు నాలుగైదు ముద్రలు తీసుకుంటాయి. అందరూ కుడి బొటనవేలు ఒకసారి పెట్టి వదిలేస్తారు. అరిగిన చేతులకు అదే బొటనవేలు రెండుసార్లు నమోదు చేయండి, ఒకసారి పొద్దున కడుక్కున్నాక, ఒకసారి సాయంత్రం పనిలోంచి వచ్చిన చేత్తోనే. తర్వాత ఉంగరం వేలు. అది పనిలో తక్కువ అరుగుతుంది. నమోదు చేసేటప్పుడు కొస ఒక్కటే కాదు, పక్కలు కూడా పెట్టాలి, ఎందుకంటే తొందరలో వేలు ఎప్పుడూ పక్కకే పడుతుంది. చర్మం పగిలి ఉంటే ముందు రెండు రోజులు కొబ్బరినూనె రాసి, నమోదుకు ముందు శుభ్రంగా తుడిచేయండి.

ఇంత చేసినా పిన్ గుర్తుండాల్సిందే. ఫోన్ ఆపి మళ్లీ వేస్తే వేలు పనికిరాదు, పిన్ అడుగుతుంది. వేలితో ఎంత సాఫీగా నడుస్తున్నా ఆండ్రాయిడ్ మూడు రోజులకోసారైనా పిన్ అడుగుతుంది. మా చిన్నమ్మ వేలితో తెరవడం అలవాటై ప్యాటర్న్ పూర్తిగా మరిచిపోయింది. ఒక రోజు బ్యాటరీ అయిపోయి ఫోన్ ఆగింది. తర్వాత ఎన్ని గీతలు గీసినా తెరుచుకోలేదు. షాపులో మొత్తం చెరిపేసి ఇచ్చారు. వేయిస్తంభాల గుడి దగ్గర ఆడిన సద్దుల బతుకమ్మ ఫొటోలన్నీ అందులోనే ఉండేవి, మనుమరాలు మొదటిసారి పువ్వులు పేర్చిన బతుకమ్మతో సహా. చిన్నమ్మ ఇప్పటికీ "ఏలు ఉన్నదిగా, ఫోన్ ఎందుకు తెరుచుకోలే" అంటుంది.

బాపు ఫోన్ సంగతి. నాలుగో షాపులో పక్క బటన్ ఉన్న 12 వేల ఫోన్ చేతికిచ్చారు. ఆ రోజు ఆయన పొద్దున్నే పొలానికి వెళ్లి, చేతులు కడుక్కోకుండా నేరుగా హనుమకొండ వచ్చాడు, నేనే అలా రమ్మన్నాను. షాపు పిల్లవాడు "కాకా, ముందు చెయ్యి తుడువు" అన్నాడు. "ఎందుకు? రేపు చెల్కల ఎవ్వలు తుడుస్తరు?" అని బాపు అలాగే పెట్టాడు. రెండోసారికి తెరుచుకుంది. బొటనవేలు రెండుసార్లు, ఎడమ ఉంగరం వేలు ఒకసారి నమోదు చేశాం. పిన్ ఆయన పట్టాదార్ పాస్‌బుక్ నంబర్‌లోని చివరి నాలుగు అంకెలు పెట్టాడు. అది రాసి ఎక్కడ దాచాడో అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. 22 వేల ఫోన్ ఇప్పుడు డిగ్రీ చదివే మా అన్న కొడుకు దగ్గర ఉంది. వాడి వేలికి అది ఒక్క క్షణంలో తెరుచుకుంటోంది.